మాల్మ్‌బ్యెర్గ్ మాలిబ్డినం నిక్షేపం

మాల్మ్‌బ్యెర్గ్ గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో, ఆర్కిటిక్ వలయానికి చాలా ఉత్తరాన, వెర్నర్ పర్వతాలలో ఉన్న ఒక మాలిబ్డినం ఖనిజ నిక్షేపం. డేనిష్ భాషలో "మాల్మ్" అనగా ముడిఖనిజం, "బ్యెర్గ్" అనగా కొండ. ఈ నిక్షేపాన్ని 1954లో గుర్తించారు. అప్పటినుండి పలు సంస్థలు ఇక్కడ డ్రిల్లింగు చేశాయి, సొరంగాలు తవ్వాయి, నివేదికలు తయారు చేశాయి. అయినా ఏడు దశాబ్దాల తరువాత కూడా ఇక్కడినుండి వ్యాపార స్థాయిలో ఖనిజం వెలికి రాలేదు. 2025 జూన్ నెలలో గ్రీన్‌లాండ్ ప్రభుత్వం గ్రీన్‌లాండ్ రిసోర్సెస్ అనే కెనడా సంస్థకు 30 సంవత్సరాల తవ్వకాల లైసెన్సు మంజూరు చేయడంతో ఈ కొండ మళ్ళీ వార్తలలోకి వచ్చింది.

భూమిలో ఖనిజం ఉండటానికి, గని ఏర్పడటానికి మధ్య ఎంత దూరం ఉంటుందో మాల్మ్‌బ్యెర్గ్ చరిత్ర తెలియజేస్తుంది. 1954 తరువాత రాయి మారలేదు. మారినవి ప్రపంచ విపణిలో లోహం ధర, దేశాల మధ్య సంబంధాలు, గ్రీన్‌లాండ్ రాజకీయ హోదా.

ఉనికి, వాతావరణం

మాల్మ్‌బ్యెర్గ్ సుమారు 72 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, కాంగ్ ఆస్కార్ ఫ్యోర్డ్‌కు దక్షిణాన ఉన్నది. కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన ఇరుకైన, లోతైన సముద్రపు పాయను ఫ్యోర్డ్ అంటారు. నిక్షేపం ఉన్న శిఖరాన్ని షుచర్ట్, ఆర్క్టూరస్ హిమానీనదాలు ఆనుకొని ఉన్నాయి. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో మెస్టర్స్‌విగ్ అనే చోట కంకర పరచిన విమాన మార్గం ఉన్నది. ఉత్తరాన కొద్ది దూరంలోనే ఈశాన్య గ్రీన్‌లాండ్ జాతీయ ఉద్యానవనం మొదలవుతుంది. 1974లో ఏర్పడిన ఈ ఉద్యానవనం ప్రపంచంలోని జాతీయ ఉద్యానవనాలన్నిటిలో పెద్దది.

నిక్షేపానికి దగ్గరగా శాశ్వత నివాసం ఉన్న ఊరు ఇట్టోకోర్టూర్మీట్. ఇది దక్షిణంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, స్కోర్స్‌బీ సుండ్ ముఖద్వారం వద్ద ఉన్నది. రెండింటినీ కలిపే రహదారి లేదు. గ్రీన్‌లాండ్‌లో ఏ రెండు పట్టణాల మధ్య కూడా రహదారి లేదు.

ఈ అక్షాంశం వద్ద నవంబరు చివరినుండి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. మే మధ్య నుండి జూలై చివరి వరకు అస్తమించడు. ఉత్తర ధ్రువ సముద్రం నుండి దక్షిణానికి కొట్టుకువచ్చే మంచు పలకలు తీరాన్ని సంవత్సరంలో ఎక్కువ భాగం మూసివేస్తాయి. ఓడలు స్వేచ్ఛగా రాగలిగినది వేసవి చివరి కొద్ది వారాలే. యంత్రాలు, ఇంధనం, ఆహారం తీసుకువచ్చినా, ఖనిజాన్ని తీసుకువెళ్ళినా ఆ కొద్ది కాలంలోనే చేయాలి. ఈ ప్రాంతంలో ఎటువంటి గని ప్రణాళిక అయినా ఈ క్యాలెండరుకు లోబడవలసిందే.

మాలిబ్డినం

మాలిబ్డినం పరమాణు సంఖ్య 42. స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే 1778లో మాలిబ్డినైట్ ఖనిజంలో ఒక కొత్త మూలకం ఉన్నదని గుర్తించాడు. 1781లో పీటర్ యాకోబ్ యెల్మ్ ఆ లోహాన్ని వేరుచేశాడు. అంతకు ముందు మాలిబ్డినైట్‌ను సీసపు ఖనిజమని గాని, గ్రాఫైట్ అని గాని పొరబడేవారు. లోహం పేరు కూడా సీసం అనే అర్థం గల గ్రీకు పదం నుండే వచ్చింది.

ఈ లోహం 2,623 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. ప్రపంచంలో ఉత్పత్తి అయ్యే మాలిబ్డినంలో అధిక భాగం ఉక్కు తయారీకే పోతుంది. ఉక్కులో కొద్ది శాతం కలిపినా దాని గట్టిదనం, వేడిని తట్టుకొనే శక్తి పెరుగుతాయి. ఉప్పునీటిలో తుప్పుపట్టకుండా ఉండవలసిన స్టెయిన్‌లెస్ ఉక్కులో దీనిని 2 నుండి 3 శాతం వరకు కలుపుతారు. చమురు, సహజవాయు గొట్టాలు, విద్యుత్ కేంద్రాల బాయిలర్లు, జెట్ ఇంజన్ల భాగాలు, గాలిమరల గేర్లు, ఆయుధాలు మొదలైన వాటిలో మాలిబ్డినం ఉన్న ఉక్కును వాడుతారు. ముడిచమురు నుండి గంధకాన్ని తొలగించే ఉత్ప్రేరకాలలో, అధిక ఉష్ణోగ్రత వద్ద వాడే కందెనలలో కూడా దీని సమ్మేళనాలు ఉంటాయి.

ప్రపంచ వార్షిక ఉత్పత్తి 2020లలో సుమారు 2.5 లక్షల టన్నుల చుట్టూ ఉన్నది. ఇందులో 40 శాతానికి పైగా చైనాది. చిలీ, పెరూ, అమెరికా సంయుక్త రాష్ట్రాలు, మెక్సికో తరువాతి స్థానాలలో ఉన్నాయి. దక్షిణ అమెరికా మాలిబ్డినం దాదాపు అంతా రాగి గనుల ఉపఉత్పత్తి. అంటే అక్కడ మాలిబ్డినం ఎంత వస్తుందనేది దాని ధరను బట్టి గాక రాగికి ఉన్న గిరాకీని బట్టి ఉంటుంది. రాగి గనులు ఎక్కువగా పనిచేస్తే, ఎవరికీ అవసరం లేకపోయినా మాలిబ్డినం విపణిలోకి వచ్చి ధర పడిపోతుంది. కేవలం మాలిబ్డినం మీదనే ఆధారపడే గని ఈ పోటీని తట్టుకోవాలి. మాల్మ్‌బ్యెర్గ్ అటువంటి నిక్షేపమే.

భూగర్భ నిర్మాణం

సుమారు 2.6 కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడి పురాతన ఇసుకరాయి పొరలలోకి కింద నుండి గ్రానైట్ శిలాద్రవం చొచ్చుకువచ్చింది. అది చల్లబడే సమయంలో వేడి ద్రవాలు పైకి చిమ్మి, చుట్టుపక్కల రాతిని పగులగొట్టాయి. ఆ పగుళ్ళలో క్వార్ట్జ్‌తో పాటు మాలిబ్డినైట్ పేరుకున్నది. మాలిబ్డినైట్ అనగా మాలిబ్డినం, గంధకం కలిసిన ఖనిజం. దాని బరువులో సుమారు 60 శాతం మాలిబ్డినం ఉంటుంది.

ఇటువంటి నిక్షేపాలను పోర్ఫిరీ నిక్షేపాలు అంటారు. వీటిలో ఖనిజం మందపాటి సిరగా ఒకచోట ఉండదు. సన్నని ఈనెల వలె కొండ అంతా వ్యాపించి ఉంటుంది. మాల్మ్‌బ్యెర్గ్‌లో ఖనిజ భాగం మొత్తం మీద బోర్లించిన గిన్నె ఆకారంలో ఉన్నదని పరిశోధకులు వర్ణించారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న క్లైమాక్స్ గని ఈ తరగతికి ప్రసిద్ధ ఉదాహరణ. అందువలన మాల్మ్‌బ్యెర్గ్‌ను క్లైమాక్స్ తరహా నిక్షేపంగా వర్గీకరిస్తారు.

అన్వేషణ చరిత్ర

రెండవ ప్రపంచయుద్ధం తరువాత డెన్మార్క్ భూగర్భ శాస్త్రవేత్త లౌగే కోక్ నాయకత్వంలో తూర్పు గ్రీన్‌లాండ్‌లో పలు యాత్రలు జరిగాయి. 1948లో మెస్టర్స్‌విగ్ వద్ద సీసం, జింకు ఖనిజం బయటపడింది. దానిని తవ్వడానికి 1952లో నార్డిస్క్ మినెసెల్‌స్కాబ్ అనే సంస్థ ఏర్పడింది. బ్లైక్లిప్పెన్ అనే ఆ గని 1956లో పని ప్రారంభించి, 1960ల ఆరంభంలో ఖనిజం అయిపోగానే మూతపడింది.

ఆ ఉత్సాహపు రోజులలోనే, 1954లో, మాల్మ్‌బ్యెర్గ్ మాలిబ్డినం వెలుగులోకి వచ్చింది. 1960ల ఆరంభంలో క్లైమాక్స్ గనిని నడుపుతున్న అమెరికన్ మెటల్ క్లైమాక్స్ సంస్థ నార్డిస్క్ మినెసెల్‌స్కాబ్‌తో కలిసి ఇక్కడ పరిశోధన చేపట్టింది. వేల మీటర్ల డ్రిల్లింగు జరిగింది. కొండ లోపలికి వెయ్యి మీటర్లకు పైగా సొరంగాలు తవ్వారు. నిక్షేపం పెద్దదని తేలింది గాని, అప్పటి ధరలకు అది లాభసాటి కాదని ప్రయత్నాన్ని విరమించారు.

2000లలో చైనా ఉక్కు పరిశ్రమ విస్తరణతో మాలిబ్డినం ధర ఆకాశాన్ని తాకినప్పుడు రెండవ ప్రయత్నం మొదలైనది. ఇంటర్నేషనల్ మాలిబ్డినం అనే సంస్థ నిక్షేపాన్ని తిరిగి పరిశీలించింది. 2007లో కెనడాకు చెందిన క్వాడ్రా మైనింగ్ దీనిని కొనుగోలు చేసింది. 2008లో సాధ్యాసాధ్యాల అధ్యయనం పూర్తయింది. తవ్వకాల లైసెన్సు కూడా లభించింది. అయితే 2008 చివరిలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం రావడంతో ధర కుప్పకూలింది. 2012లో క్వాడ్రా సంస్థ పోలండ్‌కు చెందిన కేజీహెచ్ఎం చేతికి వెళ్ళింది. గని మాత్రం రాలేదు. ఆ లైసెన్సు ముగిసిపోయింది.

మూడవ ప్రయత్నం గ్రీన్‌లాండ్ రిసోర్సెస్ సంస్థది. 2018లో అన్వేషణ లైసెన్సుతో ప్రారంభించి, 2022లో కొత్త సాధ్యాసాధ్యాల అధ్యయనాన్ని ప్రకటించింది. 2025లో తవ్వకాల లైసెన్సు పొందింది.

ధరల ఎగుడుదిగుడులు

ఈ మూడు ప్రయత్నాలను మాలిబ్డినం ధరల పక్కన పెట్టి చూస్తే కారణం అర్థమవుతుంది. 2005లో పౌను ధర 40 డాలర్ల దరిదాపులకు చేరింది. 2008లో చాలాకాలం 30 డాలర్లకు పైన ఉండి, అదే సంవత్సరం ముగిసేసరికి 10 డాలర్ల కన్నా దిగువకు పడింది. 2015లో 5 డాలర్ల ప్రాంతానికి దిగజారింది. 2023 ఫిబ్రవరిలో కొద్ది కాలం 35 డాలర్లను దాటి మళ్ళీ తగ్గింది.

గని నిర్మాణానికి కనీసం కొన్ని సంవత్సరాలు పడుతుంది. ధర పెరిగిందని పెట్టుబడి సమకూర్చుకొని, అనుమతులు తెచ్చుకొని, యంత్రాలు ఓడ ఎక్కించేలోగా ధర పడిపోవచ్చు. సముద్ర మార్గం ఏడాది పొడవునా తెరచి ఉండే దేశంలో ఒక నెల ఆలస్యం ఒక నెలే. మాల్మ్‌బ్యెర్గ్ వద్ద వేసవి తప్పితే ఒక సంవత్సరం తప్పినట్లే. దూరం, మంచు కలిసి ధరల ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి.

నిల్వల లెక్క

2022 అధ్యయనం ప్రకారం తవ్వదగిన నిల్వ 24.5 కోట్ల టన్నుల రాయి. అందులో సగటున 0.176 శాతం మాలిబ్డినైట్ ఉన్నది. అనగా ఒక టన్ను రాయిని తవ్వి, పిండి చేసి, శుద్ధి చేస్తే అందులో ఉన్న మాలిబ్డినైట్ 1.76 కిలోలు. లోహంగా లెక్కిస్తే కిలోకు కొద్దిగా పైన. మిగిలిన 998 కిలోల రాతి పిండి వ్యర్థమే.

మొత్తం నిల్వలో ఉన్న మాలిబ్డినం 57.1 కోట్ల పౌన్లు, అనగా సుమారు 2.6 లక్షల టన్నులు. ఇది ప్రపంచమంతా ఒక సంవత్సరంలో ఉత్పత్తి చేసే మాలిబ్డినానికి ఇంచుమించు సమానం. కాబట్టి మాల్మ్‌బ్యెర్గ్ ప్రపంచ విపణిని తలక్రిందులు చేయగల నిక్షేపం కాదు. మొదటి పది సంవత్సరాలలో సగటున ఏటా 3.28 కోట్ల పౌన్లు, అనగా దాదాపు 15 వేల టన్నులు ఉత్పత్తి చేయాలని ప్రణాళిక. ఇది ప్రపంచ ఉత్పత్తిలో సుమారు 6 శాతం. ఐరోపా సమాఖ్య అవసరాలలో నాలుగో వంతు దీనితో తీరుతుందని సంస్థ అంచనా. ప్రపంచానికి చిన్నదైన ఈ పరిమాణం ఐరోపాకు పెద్దదిగా కనిపించడానికి కారణం, సమాఖ్య దేశాలలో చెప్పుకోదగ్గ మాలిబ్డినం తవ్వకం లేకపోవడమే.

తవ్వకాల ప్రణాళిక

ప్రణాళిక ప్రకారం ఇది బహిరంగ గని. రోజుకు సుమారు 35 వేల టన్నుల రాయిని తవ్వి, చూర్ణం చేసి, లోయల మీదుగా 20 కిలోమీటర్లకు పైగా సాగే రోప్‌వే ద్వారా ఫ్యోర్డ్ తీరానికి చేరుస్తారు. శుద్ధి కర్మాగారాన్ని తీరంలో కట్టరు. వేరే దేశపు నౌకా నిర్మాణ కేంద్రంలో పెద్ద బార్జీల మీద దానిని నిర్మించి, వేసవిలో లాగుకొని వస్తారు. కార్మికులు, వెల్డింగు పనివారు, క్రేన్లు సులభంగా దొరికే చోట నిర్మాణం జరిగితే ఖర్చు తగ్గుతుందని, గని మూతపడిన తరువాత బార్జీలను తీసివేయవచ్చునని దీని ఉద్దేశం.

శుద్ధికి నురుగు ప్లవన ప్రక్రియను వాడుతారు. ఈ పద్ధతిలో మెత్తగా నూరిన రాతి పిండిని నీటిలో కలిపి గాలి బుడగలను పంపుతారు. మాలిబ్డినైట్ రేణువులకు నీటితో తడవని స్వభావం ఉన్నందున బుడగలకు అంటుకొని పైకి తేలుతాయి. పనికిరాని పిండి అడుగున మిగులుతుంది.

నిర్మాణ వ్యయాన్ని 2022 అధ్యయనం 82 కోట్ల అమెరికన్ డాలర్లుగా, గని జీవితకాలాన్ని 20 సంవత్సరాలుగా లెక్కకట్టింది. పౌనుకు 18 డాలర్ల ధరను ఆధారంగా తీసుకున్నారు. 2005 నుండి ధర ఈ సంఖ్యకు పైన, కింద ఎన్నిసార్లు తిరిగిందో గమనిస్తే ఆ లెక్క ఎంత సున్నితమైనదో తెలుస్తుంది.

అంతర్జాతీయ నేపథ్యం

2025 ఫిబ్రవరి 4న చైనా టంగ్‌స్టన్, టెల్లూరియం, బిస్మత్, ఇండియంలతో పాటు మాలిబ్డినానికి సంబంధించిన కొన్ని ఉత్పత్తుల ఎగుమతిపై నియంత్రణ విధించింది. ఈ నియంత్రణ ప్రధానంగా రక్షణ పరిశ్రమలో వాడే మాలిబ్డినం పొడి వంటి వస్తువులకే వర్తించింది. ఉక్కులో కలిపే సాధారణ మాలిబ్డినం మొత్తానికి కాదు. అయినా సరఫరా ఒక దేశం నిర్ణయంపై ఆధారపడి ఉన్నదనే ఆందోళనను అది ఐరోపాలో పెంచింది.

అంతకు ముందే, 2023 నవంబరులో, ఐరోపా సమాఖ్య గ్రీన్‌లాండ్‌తో ముడి ఖనిజాల విషయమై అవగాహన ఒప్పందం చేసుకున్నది. 2024లో గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో కార్యాలయం తెరిచింది. 2025 డిసెంబరులో ఐరోపా కమిషన్ ప్రకటించిన ముడి ఖనిజాల కార్యాచరణ ప్రణాళికలో, ఆర్థిక సహాయంతో త్వరగా ముందుకు తీసుకువెళ్ళదగిన వాటిలో మాల్మ్‌బ్యెర్గ్ పేరు ఉన్నది. ఇక్కడ ఒక విశేషం ఉన్నది. 2023లో సమాఖ్య రూపొందించిన కీలక ముడి పదార్థాల జాబితాలో మాలిబ్డినానికి చోటు లేదు. రెండేళ్ళలో దృష్టి మారడానికి కారణం లోహం అరుదు కావడం కాదు. ఎవరి దగ్గర కొనవలసి వస్తుందనే ప్రశ్న ముందుకు రావడమే.

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2019లోను, మళ్ళీ 2025లోను గ్రీన్‌లాండ్‌ను అమెరికా స్వాధీనం చేసుకోవాలని బహిరంగంగా కోరడం గ్రీన్‌లాండ్ ఖనిజాలపై ప్రపంచ దృష్టిని మరింతగా నిలిపింది. ఈ చర్చలో గ్రీన్‌లాండ్‌ను తరచుగా తాళం తీస్తే చాలు సంపద దొరికే పెట్టెగా చిత్రిస్తారు. మాల్మ్‌బ్యెర్గ్ ఆ చిత్రానికి సరిపోదు. ఇక్కడ తాళం రాజకీయమైనది మాత్రమే కాదు. రెండవ ప్రయత్నంలో లైసెన్సు ఉన్నా గని రాలేదు.

గ్రీన్‌లాండ్ ఆర్థిక వ్యవస్థ

గ్రీన్‌లాండ్ జనాభా సుమారు 57 వేలు. ఎగుమతులలో 90 శాతానికి పైగా చేపలు, రొయ్యలు. ప్రభుత్వ ఖర్చులో పెద్ద భాగాన్ని డెన్మార్క్ ఏటా ఇచ్చే సుమారు 400 కోట్ల క్రోనర్ల గ్రాంటు భరిస్తుంది. 2009లో అమలులోకి వచ్చిన స్వపరిపాలన చట్టం ప్రకారం ఖనిజ వనరుల ఆదాయం గ్రీన్‌లాండ్‌కు చెందుతుంది. అయితే ఆ ఆదాయం ఏటా 7.5 కోట్ల క్రోనర్లను దాటితే, దాటిన మొత్తంలో సగం మేరకు డెన్మార్క్ గ్రాంటు తగ్గుతుంది. స్వాతంత్ర్యం కోరే వారు ఖనిజాలవైపు చూడటానికి, ఖనిజాల ఆదాయాన్ని అంచనా వేయడంలో జాగ్రత్త అవసరం కావడానికి ఈ నిబంధనే కారణం.

ఒక సులభమైన లెక్క చూడవచ్చును. ఏటా 3.28 కోట్ల పౌన్లు, పౌనుకు 18 డాలర్ల చొప్పున అమ్మితే వచ్చేది సుమారు 59 కోట్ల డాలర్లు. దానిపై 2.5 శాతం రాయల్టీ దాదాపు 1.5 కోట్ల డాలర్లు, అనగా సుమారు 10 కోట్ల క్రోనర్లు. గ్రాంటులో ఇది 2.5 శాతం. గని లాభాల్లోకి వచ్చిన తరువాత కంపెనీ పన్ను, కార్మికుల ఆదాయపు పన్ను దీనికి తోడవుతాయి. చిన్న దేశానికి ఇది తక్కువ సొమ్ము కాదు. కాని ఒక గని, అందునా 20 సంవత్సరాలలో ముగిసిపోయే గని, గ్రాంటు స్థానాన్ని భర్తీ చేయలేదు.

గ్రీన్‌లాండ్‌కు గనుల అనుభవం కొత్త కాదు. ఇవిట్టూట్ వద్ద క్రయోలైట్ గని 1854 నుండి 1987 వరకు నడిచింది. మార్మొరిలిక్ వద్ద సీసం, జింకు గని 1973 నుండి 1990 వరకు పనిచేసింది. 2017లో ప్రారంభమైన ఒక కెంపుల గని కొద్ది సంవత్సరాలకే దివాలా తీసింది. 2024లో నలునాక్ బంగారు గనిలో ఉత్పత్తి తిరిగి మొదలైనది. అన్వేషణ లైసెన్సులు ఎన్నో ఇచ్చినా, పనిచేసే గనులు ఎప్పుడూ వేళ్ళమీద లెక్కించదగినంతే.

ఇట్టోకోర్టూర్మీట్

ఇట్టోకోర్టూర్మీట్ 1925లో ఏర్పడింది. డెన్మార్క్ అన్వేషకుడు ఐనార్ మికెల్సెన్ చొరవతో, ఎక్కువగా దక్షిణాన ఉన్న అమ్మసాలిక్ ప్రాంతం నుండి, కొన్ని కుటుంబాలను ఇక్కడికి తరలించారు. సీలు, నార్వాల్ తిమింగలం, కస్తూరి ఎద్దు, ధ్రువపు ఎలుగుబంటి వేట ఇక్కడి వారి సంప్రదాయ జీవనాధారం. 2000లలో 500కు పైగా ఉన్న జనాభా 2020లలో 400 కన్నా తక్కువకు పడిపోయింది. సరుకు ఓడ సంవత్సరానికి ఒకటి రెండు సార్లే వస్తుంది. విమానాశ్రయం ఊరిలో లేదు. 1980లలో ఒక చమురు సంస్థ అన్వేషణ కోసం నిర్మించిన కాన్‌స్టేబుల్ పింట్ విమాన మార్గమే దిక్కు. అక్కడినుండి ఊరికి హెలికాప్టరులో వెళ్ళాలి. చమురు దొరకలేదు, సంస్థ వెళ్ళిపోయింది, విమాన మార్గం మిగిలింది.

గని వస్తే ఈ ఊరికి ఉద్యోగాలు, శిక్షణ, రవాణా సౌకర్యాలు వస్తాయనే ఆశ ఉన్నది. గ్రీన్‌లాండ్ ఖనిజ చట్టం ప్రకారం ఇటువంటి పెద్ద గనికి సామాజిక, పర్యావరణ ప్రభావ నివేదికలు తప్పనిసరి. స్థానికులకు ఉద్యోగాలు, వ్యాపారాలు ఎంతవరకు ఇవ్వాలో నిర్ణయించే త్రైపాక్షిక ఒప్పందాన్ని కంపెనీ, ప్రభుత్వం, పురపాలక సంఘం చేసుకోవాలి. అయితే గనికి కావలసిన వందలాది నిపుణులను 400 మంది లేని ఊరు సమకూర్చలేదు. కార్మికులలో చాలామంది విమానంలో వచ్చి, కొన్ని వారాలు పనిచేసి, తిరిగి వెళ్ళేవారే అవుతారు. ఊరికి దక్కేది ఎంత అనేది ఒప్పందంలోని షరతులపైన, అంతకన్నా వాటి అమలుపైన ఆధారపడుతుంది.

పర్యావరణం

మాల్మ్‌బ్యెర్గ్ పర్యావరణ చర్చకు పక్కనే ఉన్న మెస్టర్స్‌విగ్ ఒక పాఠం. బ్లైక్లిప్పెన్ గని పనిచేసింది పది సంవత్సరాలలోపే. అయినా అది మూతపడిన దశాబ్దాల తరువాత కూడా చుట్టుపక్కల నేలలోను, కాంగ్ ఆస్కార్ ఫ్యోర్డ్ తీరపు సముద్ర నాచులోను సీసం, జింకు మామూలు కన్నా ఎక్కువగా ఉన్నట్లు డెన్మార్క్ శాస్త్రవేత్తల పరిశీలనలు చూపాయి. మార్మొరిలిక్ వద్ద గని వ్యర్థాలను ఫ్యోర్డ్‌లోకి వదలడం వలన ఏర్పడిన కాలుష్యం కూడా ఇటువంటిదే. చలి ప్రదేశాలలో నేల కోలుకోవడం, మొక్కలు తిరిగి మొలవడం చాలా నెమ్మదిగా జరుగుతుంది.

మాల్మ్‌బ్యెర్గ్ ఖనిజం సీసపు ఖనిజం కాదు. అయితే ప్రతి టన్ను రాయిలో 998 కిలోలు వ్యర్థంగా మిగిలే గనిలో ఆ వ్యర్థాన్ని ఎక్కడ, ఎలా, ఎంతకాలం భద్రంగా ఉంచాలనేది ప్రధాన ప్రశ్న. గంధకం కలిసిన ఖనిజాలు గాలి, నీరు తగిలినప్పుడు ఆమ్లాన్ని విడుదల చేయగలవు. వాతావరణం వేడెక్కి, శాశ్వతంగా గడ్డకట్టి ఉండే నేల కరగనారంభిస్తే, గడ్డకట్టి ఉంటుందనే నమ్మకంతో నిర్మించినవి పట్టు కోల్పోతాయి.

రెండవ ప్రశ్న నౌకల శబ్దం. తూర్పు గ్రీన్‌లాండ్ నార్వాల్ తిమింగలాలు పరిసరాల మార్పునకు ఎంతో సున్నితమైనవి. స్కోర్స్‌బీ సుండ్ ప్రాంతంలో 2010ల చివరిలో జరిపిన ప్రయోగాలలో అవి నౌకల శబ్దానికి చాలా దూరం నుండే స్పందిస్తున్నట్లు తేలింది. మంచు తొలగే కొద్ది వారాలలోనే ఓడలు రావాలి. ఆ వారాలే వేటగాళ్ళకు, తిమింగలాలకు కూడా ముఖ్యమైన కాలం. కర్బన ఉద్గారాలు తగ్గించే గాలిమరలకు కావలసిన లోహం, కర్బన ఉద్గారాల వలన ఇప్పటికే మారిపోతున్న తీరం నుండి రావడం ఈ చర్చలో తప్పించుకోలేని వైరుధ్యం.

భారతదేశానికి సంబంధించి

భారత ప్రభుత్వ గనుల మంత్రిత్వ శాఖ 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో మాలిబ్డినం ఉన్నది. దేశం తన అవసరాలకు ప్రధానంగా దిగుమతులపైనే ఆధారపడుతున్నది. తమిళనాడులోని ధర్మపురి ప్రాంతంలో మాలిబ్డినం ఖనిజాన్ని గుర్తించి అన్వేషణ జరిపారు. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ తయారుచేసే మారేజింగ్ ఉక్కు వంటి ప్రత్యేక మిశ్రమలోహాలలో మాలిబ్డినం ఒక ముఖ్య భాగం. మాల్మ్‌బ్యెర్గ్ ఖనిజం భారతదేశానికి వస్తుందని గాని, రావాలని గాని ప్రతిపాదన లేదు. అయితే ఒక లోహానికి కొద్ది దేశాలపైనే ఆధారపడటం వలన కలిగే ఇబ్బంది ఐరోపాకు, భారతదేశానికి ఒకటే.

భవిష్యత్తు

2025లో లైసెన్సు లభించినప్పటికీ ఆ సంవత్సరం చివరికి గని నిర్మాణం మొదలు కాలేదు. పెట్టుబడి సమకూర్చుకోవడం, ఉక్కు తయారీదారులతో దీర్ఘకాల కొనుగోలు ఒప్పందాలు చేసుకోవడం, బార్జీల నిర్మాణం ముందున్న మెట్లు. మొదటి రెండు ప్రయత్నాలకు లేని అనుకూలత మూడవ ప్రయత్నానికి ఉన్నది. ధర తక్కువగా ఉన్నా సరఫరా భద్రత కోసం సొమ్ము పెట్టడానికి ప్రభుత్వాలు ముందుకు రావచ్చును. అదే సమయంలో ఇది దాని బలహీనత కూడా. ధరపై నిలబడిన గని ధరతో పడిపోతుంది. రాజకీయ అవసరంపై నిలబడిన గని ఆ అవసరం తీరినప్పుడు పడిపోయే ప్రమాదం ఉన్నది.

మాల్మ్‌బ్యెర్గ్ గనిగా మారుతుందా లేదా అనేది కొలరాడో, బీజింగ్, బ్రస్సెల్స్‌ల విపణి, విధాన నిర్ణయాలపై చాలావరకు ఆధారపడి ఉన్నది. దాని ఫలితాలను మాత్రం 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న వేటగాళ్ళ ఊరు, ఆ ఫ్యోర్డ్ నీరు భరించవలసి ఉంటుంది. మెస్టర్స్‌విగ్ గని ఇచ్చిన లాభం కొద్ది సంవత్సరాలలో ముగిసిపోయింది. అది వదిలిన సీసం ఇంకా తీరాన ఉన్నది. కొత్త గనికి ఇచ్చే ప్రతి అనుమతిలోను 20 సంవత్సరాల తవ్వకంతో పాటు, ఆ తరువాతి కాలపు లెక్క కూడా ఉండాలని ఈ ప్రాంతపు అనుభవం చెబుతున్నది.